స్కోపుతో వెతకడం ఆపండి, ముందు మంచి బైనాక్యులర్ కొనండి

టెక్సాస్‌లో జింకల సీజన్ దగ్గరపడుతోందంటే చాలు, మన తెలుగు గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "అన్నా, కొత్త రైఫిల్‌కి ఏ స్కోపు వెయ్యమంటారు? 25 ఎక్స్ (25 రెట్లు పెద్దగా చూపించేది) సరిపోతుందా?" బైనాక్యులర్ సంగతి అడిగేవాళ్ళు అరుదు. అడిగితే, "స్కోపు ఉందిగా, అందులోంచే చూసుకుంటాం" అంటారు. ఆ మాట వింటే నాకు నిజంగా భయమేస్తుంది. స్కోపంటే రైఫిల్‌కి బిగించి గురి చూసుకునే దుర్భిణి; అందులోంచి మీరు దేన్ని చూస్తే తుపాకీ గొట్టం దాని మీదికే తిరుగుతుంది. పొద వెనక కదిలింది జింకే కానక్కర్లేదు. పక్క లీజులో (వేటకి అద్దెకు తీసుకున్న స్థలంలో) నడుస్తున్న మనిషి కావచ్చు, ఎవరిదో ఆవు కావచ్చు. అదేమిటో తేల్చుకోవడానికి తుపాకీ ఎత్తకూడదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి టెక్సాస్ తప్పనిసరి చేసిన హంటర్ ఎడ్యుకేషన్ కోర్సులో నేర్పే ముఖ్యమైన జాగ్రత్తల్లో ఇదొకటి.

చట్టం కూడా చూపు మీదే ఆధారపడి ఉంది. టెక్సాస్‌లో చాలా కౌంటీల్లో మగ జింకకి కొమ్ముల నిబంధన ఉంది. రెండు ప్రధాన కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలకు తగ్గకూడదు, లేదంటే కనీసం ఒక కొమ్ముకి చీలిక ఉండకూడదు. జింక చెవులు నిక్కించి నిలబడినప్పుడు ఒక చెవి కొన నుంచి రెండో చెవి కొనకి దూరం దాదాపు 13 అంగుళాలు. కొమ్ములు చెవి కొనల్ని దాటాయా లేదా అన్నది చూసి నిర్ణయించాలి. వేటకి అనుమతించిన వేళ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు. పెద్ద మగ జింకలు బయటికొచ్చేది ఎక్కువగా ఆ మసక వేళల్లోనే. అంటే వెలుతురు బాగా తగ్గాక, వంద గజాల అవతల, ఒక అంగుళం తేడాని పసిగట్టాలి. పెట్టె మీద పెద్ద అంకె ఉన్నంత మాత్రాన ఈ పని జరగదు.

8×42 అంటే 8 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు లెన్సు వ్యాసం 42 మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుతురు కిరణాల కట్ట వెడల్పు అది, దాన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. చీకట్లో కుర్రాళ్ళ కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, యాభై దాటాక చాలామందికి 5 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి 8×42 మునిమాపులోనూ పనిచేస్తుంది. 10×42 ఇచ్చేది 4.2, పర్లేదు. జేబులో పట్టే 10×25 ఇచ్చేది 2.5. "చాలా పవర్‌ఫుల్" అని అమ్మే 20×50 ఇచ్చేదీ అదే 2.5. మధ్యాహ్నం అంతా బాగానే కనిపిస్తుంది, అసలు అవసరమైన వేళకి బొమ్మ నల్లబడుతుంది. పైగా పెద్దది చేసేకొద్దీ చేతి వణుకూ పెద్దదవుతుంది. చేత్తో పట్టుకుని చూడటానికి 10 రెట్లే హద్దు, అది దాటితే ట్రైపాడ్ కావాల్సిందే. "10 నుంచి 100 జూమ్" అని ఆన్‌లైన్‌లో అమ్మేవి దయచేసి కొనకండి. బ్లైండ్‌లో (వేటగాడు దాక్కునే గూడులో) కూర్చుని ఫీడర్ (జింకలకి మేత వేసే డబ్బా) వైపు చూసేవాళ్ళకి 8×42, పశ్చిమ టెక్సాస్ బయళ్ళలో దూరాలు వెతికేవాళ్ళకి 10×42. అంతకు మించి తల పగలగొట్టుకోనక్కర్లేదు.

ఒకే 8×42 ఒకచోట వంద డాలర్లు, ఇంకోచోట రెండు వేలు ఎందుకంటే, ఒక పెద్ద కారణం గాజు మీద పూతలు. పూత లేని గాజు ఉపరితలం దగ్గర దాదాపు 4 శాతం వెలుతురు వెనక్కి పోతుంది. అలాంటి ఉపరితలాలు పది దాటేసరికి మిగిలేది మూడింట రెండు వంతులే. పోయిన వెలుతురు ఊరికే పోదు, గొట్టం లోపల చెదిరి బొమ్మ మీద తెల్లటి పొరలా కమ్ముకుంటుంది. సూర్యుడు కిందికి దిగినప్పుడు నీడలో నిలబడ్డ జింక కనబడకపోవడానికి అదో కారణం. 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టిన పూతతో ఈ సమస్యకి దారి దొరికింది. ఇప్పుడు పెట్టె మీద "కోటెడ్" అని ఉంటే ఏదో ఒక ఉపరితలానికి ఒక పూత వేశారని. "మల్టీ కోటెడ్" అంటే కొన్నింటికే పలు పూతలు. "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని ఉన్నదే తీసుకోండి.

బైనాక్యులర్ లోపల బొమ్మని నిటారుగా తిప్పే గాజు దిమ్మల్ని ప్రిజాలంటారు. తిన్నటి గొట్టాలుండే రూఫ్ ప్రిజం రకంలో ఇంకో రెండు విషయాలు చూడాలి. ఒకటి ఫేజ్ కోటింగ్, ప్రిజం మీద వేసే ఒక ప్రత్యేక పూత. అది లేకపోతే కొమ్ముల అంచులు పదును తగ్గి కనిపిస్తాయి. రెండోది ప్రిజం మీది అద్దపు పూత. అల్యూమినియం కన్నా వెండి మేలు, వెండి కన్నా డైఎలక్ట్రిక్ (లోహం లేని పలుచటి పొరల పూత) మేలు. నూట యాభై డాలర్లకు మించి పెట్టలేనివాళ్ళకి నా సలహా, పాత పద్ధతి పోర్రో ప్రిజం కొనుక్కోండి. వాటికి ఈ ఖరీదైన పూతలు అక్కర్లేదు కాబట్టి అదే డబ్బుకి బొమ్మ బాగుంటుంది. కాకపోతే లావుగా ఉంటాయి, నీళ్ళు చొరబడకుండా చెయ్యడం కష్టం.

మంచిది కొని కూడా "మసగ్గా ఉంది, తలనొప్పి వస్తోంది" అనేవాళ్ళలో చాలామంది డయాప్టర్ (రెండు కళ్ళ చూపు తేడాని సరిచేసే రింగు) సరిచేసుకోరు. ముందు రెండు గొట్టాల్ని దగ్గరికీ దూరానికీ జరిపి ఒకే గుండ్రం కనిపించేలా చేయండి. కుడి వైపు మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న ఒక బోర్డుని మధ్య చక్రంతో స్పష్టం చేయండి. తర్వాత ఎడమ వైపు మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి రింగుతో అదే బోర్డుని స్పష్టం చేయండి. ఆ గుర్తు ఎక్కడుందో గుర్తుంచుకుంటే చాలు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఐకప్పులు (కళ్ళకి ఆనే రబ్బరు కప్పులు) కిందికి దించాలి, ఐ రిలీఫ్ (కంటికీ లెన్సుకీ మధ్య ఉండాల్సిన దూరం) 16 మిల్లీమీటర్లైనా ఉన్నది ఎంచుకోవాలి. ఇంత చేసినా బొమ్మ రెండుగా కనిపిస్తే గొట్టాల వరస తప్పిందన్నమాట. వాడకుండా తిరిగిచ్చేయండి.

ఇక స్కోపు. వంద, నూట యాభై గజాల వేటకి 3-9×40 (3 నుంచి 9 రెట్ల దాకా మార్చుకోగల, 40 మిల్లీమీటర్ల లెన్సున్నది) నిండుగా చాలు. 6 దగ్గర పెడితే ఎగ్జిట్ ప్యూపిల్ 6.7 వస్తుంది. 5-25×50ని 25 దగ్గర పెడితే వచ్చేది 2. "తగ్గించుకుంటాంగా" అంటే, తగ్గించి వాడేదానికి అంత బరువు, అంత ధర ఎందుకు? బ్లైండ్‌లో కూర్చున్నప్పుడు ఎప్పుడూ 3, 4 దగ్గరే ఉంచండి. జింక దగ్గరికొచ్చినప్పుడు 9లో వెతుక్కుంటే వెంట్రుకలు తప్ప ఇంకేం కనబడదు. 30 మిల్లీమీటర్ల ట్యూబు ఎక్కువ వెలుతురు తెస్తుందన్నది అపోహ. దానివల్ల దొరికేది ప్రధానంగా గురి సర్దుబాటుకి ఎక్కువ చోటు. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ రకంలో రెటికిల్ (గురి గీతలు) పవర్‌తో పాటు మారుతుంది, తక్కువ పవర్ దగ్గర సన్నబడి చీకటి పొదల్లో మాయమవుతుంది. జింకల వేటకి గీతలు ఎప్పుడూ ఒకేలా ఉండే సెకండ్ ఫోకల్ ప్లేనే మేలని నా గట్టి అభిప్రాయం.

స్కోపు బిగించేటప్పుడు అత్యధిక పవర్ దగ్గర పెట్టి, రైఫిల్ భుజానికెత్తి, నల్ల అంచు లేని నిండు బొమ్మ వచ్చేదాకా స్కోపుని ముందుకూ వెనక్కూ జరపండి. కంటికీ లెన్సుకీ మధ్య మూడున్నర అంగుళాలైనా లేకపోతే, కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బకి కనుబొమ్మ చిట్లుతుంది. స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగుల స్క్రూలు ఎంత బిగించాలో తయారీదారు రాస్తాడు, సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు. టార్క్ రెంచి (బిగింపు బలాన్ని కొలిచే పానా) లేకుండా చేతి బలంతో నొక్కితే ట్యూబు సొట్టపడి, గురి సర్దే నాబ్‌ల క్లిక్కులు సరిగా తిరగవు.

జీరో చెయ్యడం, అంటే గురి పెట్టిన చోటే తూటా తగిలేలా స్కోపు సర్దడం, 25 గజాల దగ్గర మొదలెట్టండి. పావు ఎంఓఏ (ఎంఓఏ ఒక కోణం కొలత, 100 గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం) క్లిక్కున్న స్కోపులో 100 గజాల దగ్గర రెండు అంగుళాలు జరపాలంటే దాదాపు 8 క్లిక్కులు, 25 గజాల దగ్గర అదే రెండు అంగుళాలకి 30కి పైన. ఈ లెక్క తెలియక పెట్టెలు పెట్టెలు తూటాలు తగలేస్తున్నారు. "అప్" బాణం వైపు తిప్పితే తూటా తగిలే చోటు పైకి వెళ్తుంది. ఒక్క తూటా చూసి తిప్పకండి. మూడు కాల్చి, వాటి మధ్యబిందువు చూసి తిప్పండి. తుపాకీ గొట్టం చల్లారనివ్వండి. చివరి జీరో 100 గజాల దగ్గరే.

ఇండియాలో మన ఊళ్ళో ఎవరైనా ఎయిర్‌గన్‌కి స్కోపు తెమ్మంటే తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ వన్యప్రాణుల వేట నేరం. అమెరికా నుంచి తుపాకీ స్కోపు బయటికి తీసుకెళ్ళడం కూడా ఎగుమతి నియంత్రణల కిందికొస్తుంది. నేలపట్టులో, పులికాట్‌లో పక్షులు చూసే చుట్టాలుంటే మాత్రం ఒక 8×42 బైనాక్యులర్ పట్టుకెళ్ళండి, పైన చెప్పిన డయాప్టర్ పద్ధతి కూడా దగ్గరుండి నేర్పించండి.