మహారాజశ్రీ నాలుగంకెల కోడ్ గారికి బహిరంగ లేఖ

పాత కారు రేడియోలో కొలువున్న సెక్యూరిటీ కోడ్ గారి సముఖానికి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, ఇక్కడ కుశలంగా ఉన్నది తమరొక్కరే. కారుకి కొత్త బ్యాటరీ పడుతుంది, ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంటుంది, హారన్ మోగుతుంది, వైపర్లు ఆడతాయి. తమరు మాత్రం డిస్‌ప్లేలో 'సేఫ్' అని వెలిగించి, ఇక కదిలేది లేదని కూర్చుంటారు. కొన్ని కార్లలో తమరి పేరు 'కోడ్', కొన్నింట 'లాక్'. ఏ పేరుతో వెలసినా పాట మాత్రం రాదు.

తమరి అవతార లక్ష్యాన్ని మేం శంకించడం లేదు. అద్దం పగలగొట్టి రేడియో పీక్కుపోయే రోజుల్లో పుట్టారు. రేడియోకి ఎప్పుడూ అందుతుండే 12 వోల్టుల సరఫరా ఆగిందంటే ఎవరో ఎత్తుకుపోయారని తమరి లెక్క. మళ్లీ కరెంటు రాగానే కోడ్ అడుగుతారు. ఆ సరఫరాను దొంగ తెంపాడా, మెకానిక్ 10 ఎం.ఎం. స్పానరుతో నెగెటివ్ టెర్మినల్ విప్పాడా, రాత్రంతా డోమ్ లైటు వెలిగి బ్యాటరీ చచ్చిందా, ఫ్యూజు పోయిందా అన్న విచారణ తమరి చట్టంలో లేదు. ఈ రోజుల్లో క్యాసెట్ రేడియోని ఊరికే ఇస్తామన్నా దొంగ చేయి చాపడు. దొంగలు వృత్తి మార్చుకున్నారు. కాపలాదారు డ్యూటీ దిగలేదు గనక గుమ్మంలో ఇంటివాడినే నిలబెట్టి ఎవరు నువ్వని అడుగుతున్నాడు.

తమరి రహస్యాన్ని ఒక చిన్న కార్డు మీద అచ్చువేసి కారుతోపాటే ఇచ్చారు, నిజమే. కారులో ఉంచొద్దని కూడా చెప్పారు. ఆ మాట విన్న బుద్ధిమంతుడు కార్డుని ఇంటి బీరువాలో దాచి, కారు అమ్మేశాడు. కార్డు ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉంది. మాట వినని వాళ్ల పుణ్యమా అని కొన్నిసార్లు దొరుకుతుంది: సర్వీసు పుస్తకం అట్ట లోపల, గ్లోవ్ బాక్సు పక్క గోడ మీద, ఫ్యూజ్ బాక్సు మూత వెనక, యాష్‌ట్రే తీస్తే దాని అడుగున. డబ్బు ఖర్చుపెట్టే ముందు టార్చి పట్టుకుని ఇవన్నీ చూడాలి. హోండాల్లో స్టిక్కరు మీద రెండు నంబర్లుంటే 8 అంకెలది సీరియల్, పొట్టిదే కోడ్. పొడుగుదాన్ని కొట్టి, ఒప్పుకోలేదని తమరిని తిట్టేవాళ్లు తక్కువేం కాదు. ఆ ఒక్క విషయంలో తప్పు తమరిది కాదు.

కార్డు లేకపోతే సీరియల్ నంబరే దిక్కు. చాలా హోండాల్లో దీన్ని తెర మీదే చూపించే దయ ఉంది. ఇగ్నిషన్ ఆన్‌లో, రేడియో ఆఫ్‌లో ఉండగా 1, 6 ప్రీసెట్ బటన్లు (స్టేషన్లు దాచుకునే అంకెల బటన్లు) కలిపి నొక్కిపట్టి పవర్ బటన్ నొక్కాలి. 'యు' తర్వాత నాలుగు అంకెలు, 'ఎల్' తర్వాత నాలుగు వస్తాయి. ఆ అక్షరాలు వదిలేసి ఎనిమిదీ వరసగా రాసుకోవాలి. ఫోర్డ్ కార్లలో వచ్చే 6000 సీడీ రేడియోలో కూడా 1, 6 నొక్కిపడితే తెర మీద వివరాలు దొర్లుతాయి, అందులో 'వి'తో మొదలై ఆరు అంకెలున్నదే కావలసింది. రెనోలో రేడియో పెట్టె మీది స్టిక్కరులో ఒక అక్షరం, మూడు అంకెల ప్రీ-కోడ్ ఉంటుంది. దాన్నుంచి అసలు కోడ్ లెక్కగట్టే సూత్రం ఎప్పుడో బయటపడింది గనక, అది కోట కాదు, బొమ్మ కోట. పాత ఫోక్స్‌వ్యాగన్‌లో 'వీడబ్ల్యూజెడ్' అని మొదలయ్యే నంబరు రేడియో ఒంటి మీదే ఉంటుంది, బయటికి లాగాల్సిందే.

అంటే, దొంగ కాదని నిరూపించుకోవాలంటే ముందు దొంగ చేసే పనే చేయాలి. ముందు పలకలో నాలుగు చిన్న రంధ్రాలుంటే రెండు యు-ఆకారపు కీలు, సన్నటి చీలికలుంటే పలచటి బ్లేడు కీలు కావాలి. కీ 'టక్' మనేదాకా తోసి, రెండింటినీ కొద్దిగా పక్కలకు విడదీసి పట్టి, రేడియోని తిన్నగా లాగాలి. ఒక పక్కే లాగితే లోపలి స్ప్రింగు కీని కరిచి పట్టుకుంటుంది, ఇక కీ కూడా తమరి ఆస్తే. బయటికొచ్చాక లేబుల్‌ని ఫోటో తీయాలి, కంటితో చదివి రాసుకోవద్దు. 8కీ 'బి'కీ, సున్నాకీ 'ఓ'కీ, 1కీ 'ఐ'కీ తేడా వెలిసిపోయిన స్టిక్కరు మీద ఎవరికీ తెలియదు.

సీరియల్‌తోపాటు రిజిస్ట్రేషన్ కాగితం, గుర్తింపు కార్డు పట్టుకెళితే కంపెనీ డీలరు కోడ్ తీసి ఇవ్వగలడు. ఇక్కడో మెలిక. కేవలం ఛాసిస్ నంబరుతో వెతికితే వచ్చేది ఫ్యాక్టరీలో పెట్టిన రేడియో కోడ్. మధ్యలో ఎవరైనా సెకండ్‌హ్యాండ్ రేడియో బిగించి ఉంటే ఆ కోడ్ పనికిరాదు. అందుకే రేడియోని బయటికి తీసి, దాని మీది సీరియల్‌తోనే అడగాలి. ఇక యాంటీవైరస్ ఆపేసి దించుకోమనే 'ఉచిత కోడ్ జనరేటర్ల' జోలికి పోతే, రేడియోతోపాటు కంప్యూటరు కూడా కోడ్ అడగడం మొదలుపెడుతుంది.

కోడ్ దొరికాక తమరి అసలు దర్బారు మొదలు. పాత ఫోక్స్‌వ్యాగన్ పద్ధతిలో తెర మీద 1000 తెప్పించి, 1 నుంచి 4 ప్రీసెట్లతో ఒక్కో అంకెని పెంచాలి, తర్వాత స్టేషన్ వెతికే సీక్ బటన్ పైబాణాన్ని రెండు సెకన్లకు మించి నొక్కిపట్టాలి. అప్పుడు మళ్లీ 'సేఫ్' అనే కనిపిస్తుంది! తిరస్కరించారనుకుని గాభరాగా బటన్లు నొక్కేవాళ్లున్నారు. అది తిరస్కారం కాదు, చేయి తీసేయమని అర్థం. చేయి తీసి కాస్త ఆగితే స్టేషన్ ఫ్రీక్వెన్సీ వస్తుంది. 'సేఫ్' కదలకుండా నిలిచిపోతేనే కోడ్ తప్పు.

ఈ ఫోక్స్‌వ్యాగన్ పద్ధతిలో రెండు తప్పులకు గంట శిక్ష. ఆ గంటసేపూ ఇగ్నిషన్, రేడియో ఆన్‌లోనే ఉండాలి, మధ్యలో ఆపితే గడియారం మొదటికొస్తుంది. రేడియో ఆపి ఇంటికెళ్లి మర్నాడు వచ్చినా తమరి పంచాంగంలో ఒక్క నిమిషమూ గడవదు. ఇంజిన్ ఆపి గంటసేపు ఇగ్నిషన్ ఉంచితే ముసలి బ్యాటరీ చతికిలబడుతుంది. బ్యాటరీ పోతే మళ్లీ కోడ్ అడుగుతారు. ఇంత చక్కగా తన తోకని తానే మింగే నిబంధనని ఏ ప్రభుత్వ కార్యాలయమూ రాయలేదు. కాబట్టి ఛార్జర్ తగిలించి, బ్లోయరు, హెడ్‌లైట్లు ఆపి, అప్పుడే ఆ గంట మొదలుపెట్టాలి. హోండా కాస్త ఉదారం: 10 తప్పుల దాకా ఓర్చుకుని, తర్వాత గంట ఆపుతుంది. గుడ్డిగా వెతుకుదామనుకునేవారికి లెక్క: నాలుగంకెలకు 10,000 కోడ్‌లు, గంటకు రెండు చొప్పున 5,000 గంటలు. నిద్ర లేకుండా కూర్చుంటే 208 రోజులు. తప్పు కోడ్‌లు కొట్టీ కొట్టీ 'లాక్13' దాకా నెట్టిన ఫోర్డ్ రేడియోకి సరైన కోడ్ ఇచ్చినా చెవికెక్కదు.

అలాంటప్పుడు తమరి అంతఃపురానికే రావాలి. పైమూత విప్పితే బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న ఐసీ, అంటే మెమరీ చిప్పు, ఉంటుంది, 24సి02, 24సి16, 93సి46 లాంటి పేరుతో. చాలా రేడియోల్లో కోడ్ ఉండేది ఇందులోనే. 24 సిరీస్‌ని సీహెచ్341ఏ ప్రోగ్రామరు (చిప్పుని కంప్యూటరుకి కలిపి చదివే, రాసే పరికరం) చదువుతుంది. 93 సిరీస్ కాళ్ల వరస వేరు, దానికి ఆ రకం చదివే ప్రోగ్రామరే కావాలి. రేడియోకి ఏ కనెక్టరూ తగిలించి ఉండకూడదు. ఐసీ మీద చుక్క ఉన్నది ఒకటో కాలు, ప్రోగ్రామరు క్లిప్పు ఎర్ర తీగ అటే రావాలి. బోర్డు మీద ఉండగానే చదివితే ప్రోగ్రామరు ఇచ్చే కొద్దిపాటి కరెంటుని మిగతా బోర్డంతా తాగేస్తుంది, ఫలితం నిండా 'ఎఫ్‌ఎఫ్'లు, ఖాళీ చిప్పుని చదివినట్టు. అప్పుడు ఎనిమిదో కాలు, అంటే సరఫరా కాలు, సోల్డరు కరిగించి పైకి లేపడమో, ఐసీనే ఊడదీయడమో చేయాలి. రెండుసార్లు చదివి రెండు ఫైళ్లూ ఒకటేనని సరిచూసుకుని, అసలు ఫైలు దాచిపెట్టాకే చిప్పులో ఏదైనా రాయాలి. తాళమంటే ఇంత గంభీరమైనది కదా, లోపల కోడ్‌ని ఏ గూఢలిపిలో రాశారో అనుకుంటాం. కొన్ని రేడియోల్లో 1234 అన్న కోడ్ '12 34' అనో, జతలు తిరగేసి '21 43' అనో పచ్చిగా కనిపిస్తుంది. గుమ్మంలో అంత హడావిడి చేసి తాళంచెవి చాప కింద పెట్టుకున్నారన్నమాట.

ఇకముందు తమరిని నిద్రలేపకుండా బ్యాటరీ మార్చే దారీ ఉంది. 12 వోల్టుల చిన్న బ్యాటరీని ఓబీడీ సాకెట్ (మెకానిక్ స్కానరు తగిలించే సాకెట్) 16వ పిన్నుకి ప్లస్, 4వ పిన్నుకి మైనస్‌గా ఇచ్చే మెమరీ సేవర్ తగిలించి, ఆ తర్వాతే టెర్మినల్ విప్పాలి. విప్పిన ప్లస్ తీగ బాడీకి తగలకుండా గుడ్డ చుట్టాలి, దానిలో ఇంకా కరెంటు ఉంటుంది. 9 వోల్టుల బుల్లి బ్యాటరీతో సరిపెట్టేవాళ్లు తలుపు తెరవకూడదు, డోమ్ లైటు వెలిగితే అది కాసేపట్లో ఖాళీ.

ఇట్లు,
తమరి గుమ్మంలో నిలబడ్డ ఓనర్లు, మెకానిక్కులు

తా.క.: ఫోక్స్‌వ్యాగన్ రేడియోని వేరే కారులో బిగించాక, ఇగ్నిషన్ ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ కోడ్ అడుగుతున్నారని తమరి మీద ఫిర్యాదులున్నాయి. ఈ కేసులో తమరు నిర్దోషి కావచ్చు. రేడియో వెనక తగిలించే ఐఎస్ఓ కనెక్టరులో నిరంతర సరఫరా 4వ పిన్నుకి, ఇగ్నిషన్ సరఫరా 7వ పిన్నుకి రావాలి. పాత ఫోక్స్‌వ్యాగన్లలో ఇవి తారుమారుగా ఉంటాయి. ఆ రెండు తీగలూ మార్చి పెట్టి, మల్టీమీటరుతో ఒకసారి చూసుకుంటే చాలు.