స్టూవర్ట్ హైవే మీద టికెట్ లేని చోట్లన్నీ దాటేసి వెళ్ళిపోకండి

జూలై స్కూలు సెలవులు దగ్గర పడ్డాయంటే ఆస్ట్రేలియాలోని మన తెలుగు గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "ఉలూరు వెళ్దామనుకుంటున్నాం, అడిలైడ్ నుంచి కార్లో వెళ్ళొచ్చా, ఫ్లైట్ బెటరా?" కింద వరసగా అవే జవాబులు. "దారిలో ఏమీ లేదండీ, అంతా ఎడారి." "పిల్లలు బోర్ అంటారు." "1,600 కిలోమీటర్లు డ్రైవింగ్ శుద్ధ దండగ."

ఏమీ లేదు అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అలా అనేవాళ్ళలో సగంమంది ఆ దారిలో వెళ్ళినవాళ్ళే. కాకపోతే 110లో క్రూజ్ కంట్రోల్ పెట్టుకుని, ఒక పెట్రోల్ బంకులో ఎక్కి ఇంకో పెట్రోల్ బంకులో దిగినవాళ్ళు. కౌంటరు, క్యూ, చేతికి కట్టే పట్టీ ఉంటేనే అది చూడాల్సిన చోటని మనకి అలవాటైపోయింది. గోల్డ్ కోస్ట్ థీమ్ పార్కులకి మనిషికి వంద డాలర్ల పైన పెట్టడానికి ఒక్క నిమిషం ఆలోచించం. అదే ఉచితం అంటే "అయితే అక్కడ ఏముంటుందిలే" అనేస్తాం.

అడిలైడ్ నుంచి ఉలూరు అనే ఆ ఎర్ర కొండకి కార్లో పోవాలంటే స్టూవర్ట్ హైవే ఎక్కాలి. దక్షిణాన పోర్ట్ అగస్టా నుంచి ఉత్తరాన డార్విన్ దాకా ఈ హైవే సుమారు 2,700 కిలోమీటర్లు. ఈ దారిలో మనసులో నిలిచిపోయే చోట్లలో చాలావాటికి టికెట్ లేదు. కారాపి, దిగి, ఓ గంట అక్కడ గడపాలి. అంతే వాటి ఖరీదు. ఆ గంట ఇవ్వడానికే మనకి చేతులు రావడం లేదని నా బాధ.

పోర్ట్ అగస్టా ఊరి చివరే ఏరిడ్ లాండ్స్ బొటానిక్ గార్డెన్ ఉంది. 250 హెక్టార్లు, ప్రవేశం ఉచితం. ముందున్న దారంతా కిటికీలోంచి కనపడబోయే మొక్కలన్నీ ఇక్కడ పేర్లతో ఉంటాయి. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర ఉంటే ఇక్కడే కానిచ్చేయండి. ఇక్కడ ఓ అరగంట తిరిగిన పిల్లలు తర్వాత కార్లోంచి "అదిగో సాల్ట్‌బుష్" అని చూపిస్తారు.

అక్కడి నుంచి రెండు గంటలు పోతే పింబా. హైవే దిగి కొన్ని కిలోమీటర్లు లోపలికి వెళ్తే వూమెరా. 1947లో బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి ఈ రాకెట్ ప్రయోగ కేంద్రాన్ని మొదలుపెట్టాయి. ఊరి మధ్యలో ఆరుబయటే మిసైల్ పార్క్ ఉంది. గేటు లేదు, కాపలా లేదు. రాకెట్లు, క్షిపణులు, పాత విమానాలు ఎండలో నిలబడి ఉంటాయి. ఆస్ట్రేలియా మొదటి ఉపగ్రహం రెశాట్ 1967 నవంబరు 29న ఇక్కడి నుంచే పైకి వెళ్ళింది. దాన్ని మోసుకెళ్ళిన రాకెట్ మొదటి దశ సింప్సన్ ఎడారిలో పడి ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉండిపోయింది. 1990లో తెచ్చి ఇక్కడ పెట్టారు. సొట్టలు పడి, రంగు పోయి ఉన్న ఆ లోహపు గొట్టం పక్కన పిల్లల్ని నిలబెట్టండి. శ్రీహరికోటలో రాకెట్ లేస్తుంటే టీవీ ముందు కూర్చుని లెక్కపెట్టే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. ఆకాశంలోకి వెళ్ళిన రాకెట్లో కింద పడే భాగం ఏమవుతుందో ఇంత దగ్గరగా, పైసా ఖర్చు లేకుండా ఎక్కడ చూస్తాం?

పింబా దాటాక లేక్ హార్ట్ వస్తుంది. హైవే పక్కన మామూలు రెస్ట్ ఏరియా. అక్కడే ఆగి, రైలు పట్టాల దాకా నడిచి, రెండువైపులా బాగా చూసి దాటితే ఉప్పు సరస్సు ఒడ్డు. ఒకప్పుడు బ్లూ స్ట్రీక్ అనే బ్రిటిష్ రాకెట్లని ఈ సరస్సు ఒడ్డునే పరీక్షించారు. ఇప్పుడు అక్కడ గాలి చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. ఉప్పు పొర పైకి తెల్లగా, గట్టిగా కనపడుతుంది. అడుగు వేస్తే కరకరమంటుంది. కొంచెం లోపలికి పోతే ఆ పొర కింద ఎర్రటి బురద మెత్తగా దిగబడుతుంది. వంగి చూస్తే ఉప్పు అంతా ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల సన్నటి సూదుల్లా లేచి, కొన్నిచోట్ల పలకలు పలకలుగా విడిపోయి, ఆ పలకల అంచుల్లో లేత గులాబి రంగు పట్టి ఉంటుంది. పొద్దు వాలే వేళకి ఆ గులాబి రంగు సరస్సంతా పరుచుకుంటుంది. ఇక్కడ ఒక్క సాయంత్రం గడిపినవాళ్ళెవరూ దారిలో ఏమీ లేదని అనలేరు.

రాత్రికి అక్కడే ఆగేట్టయితే చీకటి పడ్డాక కూడా కాసేపు ఆకాశం చూడండి. చంద్రుడు లేని రాత్రయితే పాలపుంత ఆ చివర నుంచి ఈ చివర దాకా కనపడుతుంది. మన ఊళ్ళ నుంచి దాదాపు కనపడని మాజెలానిక్ మేఘాలు అనే చిన్న గెలాక్సీలు రెండూ ఇక్కడ మామూలు కంటికే తెల్లటి మచ్చల్లా తెలుస్తాయి. సదరన్ క్రాస్ అనే చుక్కల గుంపు పక్కనే ఒక నల్లటి మరక ఉంటుంది. ఇక్కడి ఆదివాసుల కళ్ళకి అది ఈము పక్షి తల. అక్కడి నుంచి పాలపుంత పొడుగునా ఉన్న నల్లటి భాగాలే దాని మెడ, ఒళ్ళు. వాళ్ళు తరతరాలుగా చుక్కలతో పాటు చుక్కల మధ్య చీకటిని కూడా చదువుతూ వచ్చారు. ఒకసారి ఆ ఈము కనపడిందంటే ఇక కళ్ళు దాన్ని వదలవు.

ఓపల్ అనే రంగురాళ్ళ గనుల ఊరు కూబర్ పీడీ గురించి చాలామందికి తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. 1915లో తండ్రితో పాటు బంగారం వెతకడానికి వచ్చిన విల్లీ హచిసన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి ఇక్కడ ఓపల్ దొరికింది. ఊరు అక్కడి నుంచి మొదలైంది. ఎండలకి తట్టుకోలేక జనం భూమి లోపల ఇళ్ళు తొలుచుకున్నారు. లోపల ఏడాదంతా 24 డిగ్రీల అటూఇటూగా ఉంటుంది. కాథలిక్కుల చర్చి కూడా భూమి లోపలే. చూడడానికి టికెట్ లేదు, వచ్చేటప్పుడు విరాళాల డబ్బాలో ఓ నోటు వేసి రండి. గనుల మ్యూజియంలకి డబ్బు కట్టాలి, కట్టండి, బాగుంటాయి. నేను మాత్రం పిల్లల్ని ముందు జ్యువెలర్స్ షాప్ రోడ్డుకి తీసుకెళ్ళమంటాను. గనుల్లోంచి తవ్విపోసిన మట్టి కుప్పల్లో ఓపల్ ముక్కలు వెతుక్కోవడాన్ని అక్కడ నూడ్లింగ్ అంటారు. అందరికీ అనుమతి ఉన్న చోటు అదే. ఒక చిన్న జల్లెడ, నీళ్ళు చిలకరించే సీసా చాలు. పొడిగా ఉన్నప్పుడు అన్ని రాళ్ళూ ఒకేలా తెల్లసున్నంలా ఉంటాయి. నీళ్ళు పడగానే ఏ రాయిలో రంగు ఉందో తెలిసిపోతుంది. దొరికేది ఎక్కువగా రంగులేని పాచ్ రాయే. అయినా పిల్లల్ని అక్కడి నుంచి లేపడానికి బతిమాలాల్సి వస్తుంది.

ఒక్క సంగతి గట్టిగా చెప్తున్నా. ఊరి బయట గనుల వైపు పోయి ఫోటో కోసం వెనక్కి వెనక్కి నడవకండి. గుంటలకి కంచె ఉండదు. వెనక్కి నడవొద్దని బోర్డుల మీద బొమ్మ వేసి మరీ పెట్టారు.

ఇక ఉలూరు. అక్కడ టికెట్ ఉంది. నేను వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకి మూడు రోజులకి 38 డాలర్లు, పిల్లలకి ఉచితం. "కొండని చూడడానికి డబ్బులేంటండీ" అని ఒకాయన రాస్తే దానికి ఎన్నో లైకులు. ఆ డబ్బులో వాటా ఆ నేల హక్కుదారులైన అనంగు ప్రజలకి వెళ్తుంది. 1985 అక్టోబరు 26న ఆ నేలని వాళ్ళకి తిరిగి అప్పగించారు. కొండ ఎక్కొద్దని వాళ్ళు ఎన్నో ఏళ్ళు చెప్తే, 2019లో అదే తేదీన ఎక్కడాన్ని ఆపేశారు. మన కొండల మీద చెప్పులతో ఎవరైనా తిరిగితే మనం ఊరుకుంటామా? టికెట్ కొనండి. లోపల రేంజర్లు వెంట ఉండి చెప్పే మాలా నడకకి వేరే డబ్బు అక్కర్లేదు, దాన్ని వదులుకోకండి. ఉలూరుకి పోయే దారిలో మౌంట్ కానర్ లుకౌట్ దగ్గర కూడా ఆగండి. చాలామంది దాన్నే ఉలూరు అనుకుని ఫోటోలు తీసేసుకుంటారు. రోడ్డుకి అవతలి వైపున్న ఇసుక దిబ్బ ఎక్కితే ఇంకో ఉప్పు సరస్సు కనపడుతుంది. దిబ్బ ఎక్కేవాళ్ళు మాత్రం తక్కువ.

ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆంజాక్ హిల్ అందరూ ఎక్కుతారు. ఊరికి పడమర వైపు జాన్ ఫ్లిన్ సమాధి దగ్గర ఎవరూ ఆగరు. దిక్కులేని పల్లెలకి విమానంలో డాక్టర్ని పంపే ఫ్లయింగ్ డాక్టర్ సేవని 1928లో మొదలుపెట్టినాయన ఆయన. ఆయన పోయాక సమాధి మీద పెట్టడానికి 400 కిలోమీటర్ల అవతల, కార్లు కార్లు అనే గుండ్రాళ్ళ చోటి నుంచి ఒక పెద్ద గుండ్రాయిని తెచ్చారు. అది అక్కడివాళ్ళకి పవిత్రమైన చోటు. వాళ్ళని ఎవరూ అడగలేదు. రాయి వెనక్కి ఇమ్మని వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగితే చివరికి 1999లో అది సొంత చోటికి చేరింది. దాని బదులు ఆలిస్ నేలకి చెందిన అరెర్ంటె ప్రజలు తమ రాయిని ఇచ్చారు. ఫ్లిన్ సమాధి మీద ఇప్పుడున్నది అడిగి తీసుకున్న ఆ రాయి. ఈ కథ తెలిశాక కార్లు కార్లు దగ్గర ఆ గుండ్రాళ్ళని చూసే చూపే మారిపోతుంది.

కార్లు కార్లు ఒకప్పుడు ఉచితం. 2023 నుంచి బయటి రాష్ట్రాల వాళ్ళు నార్తర్న్ టెరిటరీ పార్కుల్లో చాలావాటికి పాస్ కొనాలి, ఇది కూడా అందులోదే. పాత బ్లాగులు చూసి ఫ్రీ అనుకుని వెళ్ళకండి, ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి.

ఆలిస్‌కీ కార్లు కార్లుకీ మధ్య బారో క్రీక్ ఉంది. నా వరకూ ఈ దారి మొత్తంలో గొప్ప చోటు ఇదే. హైవే పక్కన 1872 నాటి రాతి టెలిగ్రాఫ్ స్టేషన్. టికెట్ లేదు. మా నాన్నగారు రాజమండ్రిలో టెలిగ్రాం ఆఫీసులో పనిచేసి రిటైరైనవారు. అప్పటిదాకా వెనక సీట్లో కునుకు తీస్తున్న మనిషి, కారు దిగి ఆ గోడలు చూడగానే మారిపోయారు. పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా, ఇప్పటి హైవే కంటే పొడుగ్గా, 3,200 కిలోమీటర్ల తీగ. అంత దూరం సిగ్నల్ బలంగా పోదు. అందుకే 250, 300 కిలోమీటర్లకి ఒక స్టేషన్ కట్టి, ఒక మనిషి అటు నుంచి వచ్చిన మాటని విని, మళ్ళీ తన చేత్తో ఇటు కొట్టేవాడు. ఆ పని ఎలా ఉంటుందో నాన్నగారు మా అబ్బాయికి ఆ గోడ మీదే వేలితో కొట్టి చూపించారు. ముందు వాడి పేరు నిదానంగా, తర్వాత ఆఫీసులో కొట్టే వేగంతో. డార్విన్ నుంచి ఆ మాట సముద్రం కింద కేబుల్లో జావాకి, సింగపూర్‌కి, అక్కడి నుంచి మద్రాసుకి వచ్చేది. మద్రాసులో ఒడ్డెక్కి నేల మీద బొంబాయి చేరి, మళ్ళీ సముద్రంలో దిగి లండన్ పోయేది. ఓడలో నెలలు పట్టే కబురు గంటల్లోకి వచ్చింది. మన దేశంలో టెలిగ్రాం 2013లో ఆగిపోయిందని, ఇక్కడ మాత్రం గోడలు అలాగే నిలబెట్టారని నాన్నగారు చాలాసేపు చెప్తూనే ఉన్నారు.

అక్కడ ఇద్దరు స్టేషన్ ఉద్యోగుల సమాధులున్నాయి. 1874లో కైటెట్య ప్రజల దాడిలో చనిపోయారు. దానికి ప్రతీకారంగా పోలీసు దళాలు బయల్దేరి చాలామంది కైటెట్యలని చంపాయి. పిల్లలకి మొదటిది చెప్పి రెండోది దాచకండి.

పైకి పోతే డేలీ వాటర్స్‌లో 1930లలో అంతర్జాతీయ విమానాలు ఇంధనం కోసం దిగిన పాత హ్యాంగర్, దారి పొడుగునా యుద్ధకాలపు రన్‌వేలు, అడిలైడ్ రివర్‌లో యుద్ధ శ్మశానం ఉన్నాయి. 1942 ఫిబ్రవరి 19న డార్విన్ మీద బాంబులు పడినప్పుడు చనిపోయిన పోస్టాఫీసు ఉద్యోగులు కూడా అక్కడే ఉన్నారు. అన్నీ ఉచితమే, అన్నీ ఆగాల్సినవే.

ఇప్పుడు నన్ను అసలు బాధపెట్టే విషయం. ఉచితం అనగానే మనవాళ్ళు కొందరు ఎవరి సొత్తూ కాదన్నట్టు ప్రవర్తిస్తున్నారు. లేక్ హార్ట్ రెస్ట్ ఏరియాలో డిస్పోజబుల్ ప్లేట్లు, వాటి మీద మిగిలిన చికెన్ బిర్యానీ, పక్కన మన బ్రాండ్ పచ్చడి ప్యాకెట్టు చూశాను. సిగ్గేసింది. ఆ చెత్త తీయడానికి ఎంత దూరం నుంచి బండి రావాలో ఆలోచించండి. మీ చెత్త సంచి మీ డిక్కీలోనే పెట్టుకోండి. ఉప్పు ముక్కలు, రాళ్ళు తెచ్చుకోకండి. ఉలూరు నుంచి రాళ్ళు పట్టుకుపోయినవాళ్ళు మనసొప్పక క్షమాపణ ఉత్తరాలతో పోస్టులో వెనక్కి పంపుతుంటారు, ఆ పార్సిళ్ళతో పార్కువాళ్ళకి అదో పని.

హైవే పక్కన పెట్రోల్, తిండి అమ్మే రోడ్‌హౌస్‌లో టాయిలెట్ వాడుకుని, "పెట్రోల్ రేటు చూశావా, దోపిడీ" అనుకుంటూ ఏమీ కొనకుండా బయటికి రావడం కూడా ఆపాలి. ఆ పెట్రోల్ అక్కడికి వందల కిలోమీటర్లు ట్యాంకర్లో వస్తుంది. కరెంటుకి వాళ్ళ జనరేటర్ వాళ్ళే నడుపుకోవాలి. చూసినదానికి ఎక్కడా డబ్బు కట్టలేదు కదా, అక్కడ పిల్లలకి చిప్స్, మీకో కాఫీ కొనండి. వాళ్ళు మూసేస్తే ఈ దారిలో మామూలు కుటుంబం ప్రయాణం చేయలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు మే నుంచి ఆగస్టు లోపల వెళ్ళండి. రాత్రి చలి సున్నా దగ్గరికి దిగుతుంది, రగ్గులు కావాలి. గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ దాకా 250 కిలోమీటర్లు మధ్యలో పెట్రోల్ దొరకదు, ఫోన్ సిగ్నల్ కూడా చాలావరకు ఉండదు. మనిషికి సరిపడా నీళ్ళు, స్పేర్ టైరు ఉండాలి. చీకటి పడ్డాక కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, కాబట్టి పొద్దు వాలేలోపు బండి ఆపేయండి. వరసగా ట్రైలర్లు తగిలించిన లారీలు, అంటే రోడ్ ట్రెయిన్లు, 50 మీటర్లకి పైన పొడవుంటాయి, ముందు బాగా ఖాళీ కనపడితేనే దాటండి. రోజుకి 500 కిలోమీటర్లు మించి పెట్టుకోకండి. మించితే మీరు కోసేసేది ఈ ఆగే గంటల్నే.