కమాను సర్కారుది, ఆట మీరే తెచ్చుకోండి

తెలంగాణలో ఏ ఊరికి పోయినా ఊరి బయట ఒక ఇనుప కమాను కనిపిస్తది. మీద పెద్ద అక్షరాలతో 'తెలంగాణ క్రీడా ప్రాంగణం' అని. కమాను కిందనుంచి లోపలికి పోవచ్చు, పక్కనుంచి పోవచ్చు, వెనకనుంచీ పోవచ్చు, ఎందుకంటే చుట్టూ గోడ లేదు, కంచె లేదు, ఆ మాటకొస్తే లోపల కూడా ఏం లేదు. రాళ్లు, పల్లేరుకాయలు, ఎవరూ నాటకపోయినా బ్రహ్మాండంగా పెరిగిన సర్కారు తుమ్మ. దీన్ని చూసి నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం సమర్థిస్తా. ముందు తలుపు పెట్టి తర్వాత ఇల్లు గురించి ఆలోచించడం ఎంత ముందుచూపు ఉంటే సాధ్యమవుతది చెప్పండి.

2022 జూన్‌లో మొదలైంది ఈ యజ్ఞం. ప్రతి ఊళ్లో ఒకటి పెట్టాలన్నారు, వాలీబాల్ కోర్టు, కబడ్డీ, ఖోఖో, లాంగ్ జంప్‌కి ఇసుక గుంత, వ్యాయామానికి బార్లు, చుట్టూ మొక్కలు, పని ఉపాధి హామీలో చేయాలి. కాగితం మీద అంతా బాగుంది, నిజంగానే బాగుంది, వెక్కిరింపు కాదు. ఒక్కటే చిక్కు, జాగా ఏది? ఊరి నడుమ సర్కారు భూమి ఎప్పుడో మాయమైంది, ఎవరి ఇంటి కింద ఉందో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. టార్గెట్ తేదీ దగ్గరపడుతున్నకొద్దీ తహసీల్దార్లకి మిగిలింది మూడే, గుట్ట, శ్మశానం పక్క, చెరువు శిఖం (చెరువులో నీళ్లు నిలిచే జాగా). కొన్ని ఊళ్లలో సరిగ్గా అక్కడే నాటారు కమాన్లు.

శిఖంలో పెట్టిన కమాను అయితే నా దృష్టిలో అద్భుతం. 2015లో మిషన్ కాకతీయ అని 46 వేల పైచిలుకు చెరువులు బాగు చేస్తామని, పూడిక తీస్తామని, కాకతీయుల పేరు చెప్పుకుని మొదలుపెట్టింది ఇదే రాష్ట్రం. ఒక శాఖ చెరువులో మట్టి తీస్తది, ఇంకో శాఖ అదే చెరువులో మొరం పోసి చదును చేసి కబడ్డీకి ముగ్గు గీస్తది. ఎండాకాలం కబడ్డీ, వానాకాలం ఈత. ఒక్క జాగాలో రెండు సీజన్ల క్రీడలు, ఒలింపిక్స్ వాళ్లకి కూడా రాలేదు ఈ ఐడియా.

ఇక ఫోటో రోజు సంగతి. ఇది ఏ ఊళ్లో జరిగింది అని అడగొద్దు, మీ ఊరే అనుకోండి. సాయంత్రంలోపు ఫోటోలు అప్‌లోడ్ కావాలి, ఫోటోలో ఆట కనిపించాలి అని పైనుంచి మెసేజ్. పంచాయతీ కార్యదర్శి బడికి ఉరికి వాలీబాల్ నెట్ తెచ్చాడు, నెట్టుంది గానీ ఆడే పోరగాళ్లు లేరు, చదివేవాళ్లు హైదరాబాద్‌లో, చదవనివాళ్లు కూడా హైదరాబాద్‌లో. చివరికి గుంతలు తవ్వుతున్న ఉపాధి కూలీలనే నిలబెట్టారు. "అవ్వా, నువ్వు జర చేతులు పైకెత్తు, బాల్ కొడుతున్నట్టు" అన్నాడు కార్యదర్శి. "ఎత్తుత గానీ బిడ్డా, దీనికి మస్టర్ పడ్తదా?" అంది అవ్వ. కూలీల హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంట్ ఆలోచనలో పడ్డాడు, పని కోడ్‌లో వాలీబాల్ లేదు. సర్పంచ్ సంతకాల వరకే కాబట్టి సర్వీస్ కొట్టడానికి ఆమె భర్త ముందుకొచ్చాడు, కొట్టాడు, బాల్ గుట్ట దిగి చెరువులోకి పోయింది. బాల్ లేకుండానే మిగతా మ్యాచ్ కానిచ్చారు, అందరూ పైకి చూశారు, ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. అందులో వెనకాల ఒక మేక హరితహారం కింద నాటిన మొక్కని ప్రశాంతంగా తింటూ కనపడుతది, దాన్ని క్రాప్ చేయాల్సి వచ్చింది. ఆట మొత్తంలో నిజంగా ఏదన్నా చేసింది ఆ మేకే.

మొక్క అంటే గుర్తొచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో మొక్కల విషయం మహా స్ట్రిక్టు. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలి, నాటినవాటిలో 85 శాతం బతకాలి, బతక్కపోతే సర్పంచ్ పదవికే ఎసరు. పల్లె ప్రకృతి వనాలు వేయించారు, నర్సరీలు పెట్టించారు, ట్రాక్టర్ కొనిపించారు, ట్యాంకర్ కొనిపించారు, వైకుంఠధామం అనే శ్మశానవాటిక కట్టమన్నారు, డంపింగ్ యార్డు కట్టమన్నారు. అన్నీ అవసరమైనవే. డబ్బు ఎక్కడిది అంటే, ముందు కట్టండి, బిల్లు వస్తది.

సర్పంచులు ముందు కట్టారు. సిమెంటు అప్పు తెచ్చారు, సలాకీ అప్పు తెచ్చారు, ఇంట్లో బంగారం కుదువ పెట్టారు, మిత్తికి తెచ్చారు. ఇంజనీరు వచ్చి ఎంబీ (పని కొలతల పుస్తకం) రాసిండు, చెక్కు ట్రెజరీకి పోయింది, అక్కడ టోకెన్ ఇచ్చారు, ఫ్రీజింగ్, అంటే చెల్లింపులు ఆపినం అన్నారు. ఇంకేముంది, ఆ టోకెన్ పట్టుకుని తిరుగుడే తిరుగుడు. వైకుంఠధామం కట్టిన మనిషి, దాని బిల్లు రాక మిత్తి కట్టలేక ప్రాణం తీసుకున్నాడని పేపర్లో చదివినం కదా, ఒక్కసారి కాదు కదా. ఇక్కడ నాకు వ్యంగ్యం రావట్లేదు, క్షమించండి. మొక్క చస్తే ఎవరి పదవి పోవాలో చట్టంలో రాసిండ్రు. సర్పంచ్ చస్తే ఎవరి పదవి పోవాలో ఎక్కడ రాసిండ్రు? ఆ సెక్షన్ నంబర్ ఎవరన్నా చెప్పండి. అప్పటి సర్కారువాళ్లని అడిగితే మేం దేశానికే ఆదర్శంగా పల్లెల్ని మార్చినం అంటరు, ఇప్పటివాళ్లని అడిగితే పాతోళ్లు అప్పులు పెట్టిపోయిండ్రు అంటరు. ఇద్దరిదీ నిజమే కావచ్చు, మిత్తి మాత్రం ఆ ఇద్దరిలో ఎవరూ కట్టట్లేదు.

2024 ఫిబ్రవరిలో సర్పంచుల టర్మ్ అయిపోయింది. తర్వాత 2025 డిసెంబర్ దాకా ఎన్నికల్లేవు, స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి కేంద్రం నుంచి రావాల్సిన ఫైనాన్స్ కమిషన్ పైసలు ఆగినయి. ట్రాక్టర్‌కి డీజిల్ మాత్రం ఆగదు కదా, చెత్త రోజూ వస్తది, కార్యదర్శులు జేబులోంచి కొట్టిస్తున్నామని మొత్తుకున్నారు. వాలీబాల్‌కే కోడ్ లేనప్పుడు కార్యదర్శి జేబుకి ఏ పద్దు రాస్తరు. ప్రకృతి వనాలకి నీళ్లు పోసేది కూడా ఆ ట్యాంకరే, కాబట్టి కొన్ని ఊళ్లలో వనం ఎండి ప్రకృతిలో కలిసిపోయింది, పేరుకు తగ్గట్టే.

ఇప్పుడు కొత్త సర్పంచులు వచ్చిండ్రు, దండలు పడ్డయి, వీళ్లకి కూడా ఎవరో ఒకరు వచ్చి ముందు కట్టండి అంటరు. పాతవాళ్లలో కొందరు ఇంకా సోమవారం వస్తే చాలు బస్సెక్కి కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోతున్నరు, ఫైల్ కవర్లో ఎంబీ జిరాక్సులు పెట్టుకుని. దరఖాస్తు తీసుకుంటరు, కూర్చోమంటరు. రసీదు మాత్రం అప్పటికప్పుడే ఇస్తరు.