ప్రజాస్వామ్యం వాళ్ళ రక్తంలోనే ఉందట!

కెనడాలో కూతురి దగ్గరో కొడుకు దగ్గరో ఆరు నెలలు ఉండి వచ్చిన మన పెద్దమనుషుల సామానులో మేపుల్ సిరప్ సీసాతో పాటు ఒక ఉపన్యాసం కూడా తప్పకుండా ఉంటుంది. సిరప్‌తో నాకు పేచీ లేదు. ఉపన్యాసం సారాంశం మాత్రం మీరందరూ వినే ఉంటారు: అక్కడ ఎన్నికలొస్తే మైకు మోగదు, మందు పారదు, దొంగ ఓటు పడదు, ఎందుకంటే ప్రజాస్వామ్యం వాళ్ళ రక్తంలోనే ఉంది. ఈమధ్య వాంకూవర్ నుంచి దిగిన ఒకాయన ఈ రక్తపరీక్ష ఫలితాన్ని పెళ్ళిభోజనాల బంతిలో ప్రకటించగా, అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు పప్పు కలుపుకుంటూ తలలూపారు. ఆ రక్తం తొలి నమూనాను, అంటే 1886 మే 3న అదే వాంకూవర్‌లో జరిగిన మొట్టమొదటి మేయరు ఎన్నికను, పాఠకుల పరిశీలనకు సవినయంగా సమర్పిస్తున్నాను.

ఆ నగరం పుట్టిందే ఆ ఏడాది ఏప్రిల్ 6న. అంతకుముందు దాని పేరు గ్రాన్‌విల్. ఒక రంపపు మిల్లు, కొన్ని సారా దుకాణాలు, చుట్టూ నరికిన చెట్ల మోళ్ళు. కెనడియన్ పసిఫిక్ రైలుమార్గం అక్కడే ముగుస్తుందని తేలగానే ప్రభుత్వం రైల్వే కంపెనీకి 6,000 ఎకరాలకు పైగా భూమిని ధారపోసింది, కంపెనీ పెద్ద వాన్ హార్న్ ఊరికి వాంకూవర్ అని నామకరణం చేశాడు, ఇంకా రైలు రాకముందే నగరపాలక సంస్థ వెలిసింది. మేయరు పదవికి నిలబడినవారు ఇద్దరు. రిచర్డ్ అలెగ్జాండర్ ఆ రంపపు మిల్లుకు, అంటే హేస్టింగ్స్ మిల్లుకు, మేనేజరు. మాల్కం మెక్‌లీన్ కొద్ది నెలల క్రితమే ఊళ్ళో దిగి స్థలాల వ్యాపారం మొదలుపెట్టిన స్కాట్లండు జాతీయుడు. ఒకరి చేతిలో ఉద్యోగాలు, మరొకరి చేతిలో ప్లాట్లు. ఇంతవరకు విన్న మనవాడెవడైనా ఇది ఏ మండలం అని అడుగుతాడే తప్ప ఏ ఖండం అని అడగడు.

ఇల్లో స్థలమో సొంతంగా ఉన్నవాడికే కాక, కౌలు కాగితం చూపగలిగినవాడికి కూడా ఓటుందని నిబంధన. ఒకే కౌలు కాగితం చేతులు మారుతూ బోలెడుమంది చేత ఓటు వేయించిందని ఆ నగర చరిత్ర చెప్పేవాళ్ళు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. నిజం పాళ్ళు ఎంతైనా, ఆ దృశ్యాన్ని ఊహించకుండా నా మనసు ఊరుకోవడం లేదు. పోలింగు అధికారి ముందుకు ఒక గడ్డపాయన వచ్చి మడత విప్పి కాగితం చూపిస్తాడు. అధికారి గంభీరంగా చదివి, ఈయన ఫలానా బసలో న్యాయబద్ధమైన కౌలుదారు అని నిర్ధారించుకొని ఓటు వేయిస్తాడు. బయటికి వెళ్ళిన కాగితం రెండు నిమిషాల్లో మరో గడ్డపాయన చేతిలో తిరిగి వస్తుంది; అధికారి మళ్ళీ అంతే గంభీరంగా చదువుతాడు. మధ్యాహ్నానికి ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయి, నాలుగు ముక్కలుగా బల్లమీదికి వస్తే, ముక్కలు సరిగ్గా అతుకుతున్నాయా లేదా అని చూసే బాధ్యత కూడా ఆయనదే. ఒక్క గదిలో అంతమంది ఎలా పడుకుంటున్నారని ఆయన అడిగి ఉండడు. అది ఓటరు వ్యక్తిగత విషయం, నాగరికులు అలాంటివి అడగరు. మన ఊళ్ళో దొంగ ఓటు వేసేవాడు కనీసం వేలిమీది సిరా చెరుపుకొనే శ్రమ పడతాడు.

ఫలితం: మెక్‌లీన్‌కు 242, అలెగ్జాండర్‌కు 225. పదిహేడు ఓట్ల తేడాతో ప్రజాభీష్టం వెల్లడైంది.

అలెగ్జాండర్‌కు ఓటమి ఊరకే రాలేదు. రోజుకు పది గంటల పనిదినం కావాలని మిల్లు కార్మికులు సమ్మెకు దిగితే, ఆయన తెల్ల కార్మికులను ఉత్తర అమెరికా చైనావాళ్ళని ఈసడించాడట. తమను తిట్టాడన్న కోపం కంటే తమను చైనావాళ్ళతో పోల్చాడన్న కోపమే వాళ్ళకు ఎక్కువైంది. అదే మేనేజరు ఎన్నికనాడు తన మిల్లులోని చైనా కార్మికులనే ఓటు వేయమని పంపాడనీ, గుంపు వాళ్ళను తరిమికొట్టిందనీ చెబుతారు. చట్టప్రకారం వాళ్ళకు ఓటే లేదు. రైలుమార్గం కోసం కొండలు పేల్చడానికి వాళ్ళు వేల సంఖ్యలో కావలసివచ్చారు. పని పూర్తికావస్తుండగా 1885లో, దేశంలో అడుగుపెట్టే దాదాపు ప్రతి చైనావాడి తలకు 50 డాలర్ల పన్ను వేశారు. ఏ రైలు వస్తుందని ఆ నగరం పుట్టిందో ఆ రైలుకు దారి వేసినవాడు యజమానికి లెక్క పెంచే తల, గుంపుకు పగలగొట్టే తల. మెక్‌లీన్ ఏలుబడిలోనే 1887 ఫిబ్రవరిలో తెల్లగుంపు చైనా కూలీల గుడారాలమీద పడి, కొట్టి, తగలబెట్టి, వాళ్ళను ఊరు దాటించింది. నగర పోలీసులమీద నమ్మకం లేక బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ప్రభుత్వం రాజధాని విక్టోరియా నుంచి తన పోలీసులను పంపవలసివచ్చింది. రక్తంలో ఉన్నది ఏమిటో ఆ రాత్రి కూలీలను అడిగితే చెప్పేవారు.

మెక్‌లీన్ ఎన్నికైన నలభై ఒక్క రోజులకు, 1886 జూన్ 13న, మోళ్ళు కాల్చే మంట గాలికి రేగి ఊరంతా గంటలోపే బూడిదైంది. పాలకవర్గం ఒక గుడారం ముందు కూర్చొని, పైన నగర కార్యాలయమని బోర్డు పెట్టించుకొని, ఫొటో దిగింది. మంటలు ఆరిన కొన్ని వారాలకు ఆవిరి అగ్నిమాపక యంత్రం వచ్చింది. దానికి మేయరు పేరే పెట్టారు. ఊరు కాలిపోయాక వచ్చే యంత్రానికి అంతకంటే తగిన పేరు నాకూ తోచడం లేదు.

ఆ మంటల నుంచి నీళ్ళలోకి దూకినవాళ్ళను కాపాడడానికి అవతలి ఒడ్డునుంచి పడవలు వేసుకొని వచ్చినవాళ్ళలో స్క్వామిష్ ఆదివాసులు ఉన్నారు. ఆ నేల వాళ్ళది, మస్క్వియం, త్స్లేల్-వౌతూత్ జాతులది. వాళ్ళకూ ఓటు లేదు. కౌలు కాగితం ముక్క పట్టుకొచ్చిన ప్రతివాడూ పౌరుడైన ఊళ్ళో, తరతరాలుగా అక్కడే పుట్టి అక్కడే పూడ్చబడిన మనిషి పౌరుడు కాడు! ఆ తొలి పాలకవర్గం తొలిరోజుల్లోనే చేసిన ఘనకార్యం, పక్కనున్న ద్వీపకల్పాన్ని ఉద్యానవనం కోసం ఇమ్మని కేంద్రాన్ని కోరడం. అదే నేటి స్టాన్లీ పార్కు, మన పెద్దమనిషి ఫోనులో వంద ఫొటోలున్నచోటు. అక్కడ ఆదివాసుల ఊళ్ళు ఉండేవి. పార్కు చుట్టూ రోడ్డు వేసినప్పుడు వాళ్ళ పూర్వీకుల ఎముకలు కలిసిన గవ్వల దిబ్బలను తవ్వి రోడ్డుమీద పరిచారు. సిగ్గులేని పనికి సిగ్గులేని పనే అనాలి. నాగరికత అనే పేరు దానికి నేను పెట్టలేను.

1907లో ఆ రాష్ట్రం మన దేశంనుంచి వెళ్ళినవాళ్ళ ఓటు కూడా తీసేసింది. సిక్కయినా ముసల్మానయినా అందరికీ కలిపి హిందువని రాసుకుంది. అప్పుడు గనక మన పెళ్ళిబంతి పెద్దమనిషి అక్కడుంటే బంతిలో చెప్పడానికి ఈయనకు ఉపన్యాసం దొరికేది కాదు, తలపాగా లేకపోయినా. రాష్ట్ర ఎన్నికల్లో చైనావాళ్ళకూ మనవాళ్ళకూ ఓటు 1947లో వచ్చింది, ఆదివాసులకు 1949లో. ఓటర్ల జాబితా సవరణకు అరవై మూడేళ్ళు తీసుకున్నారన్నమాట. మన తహసీల్దారు అరవై మూడు రోజులు తీసుకుంటే ఇదే పెద్దమనిషి ఆఫీసు ముందు టెంటు వేయించి, మొదటి వరసలో కుర్చీ వేసుకొని కూర్చుంటాడు.