స్కానయ్యాయి సరే, చదివేదెక్కడ?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకడమే గగనం. లోపల చోటు లేనివారు ఆవరణలోనే ఎక్కడో ఒకచోట కూర్చుని ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటారు. వారిలో చాలామంది గ్రంథాలయం ఇచ్చిన పుస్తకం కాక, సొంత ఫోన్‌లోని పీడీఎఫ్ చదువుతుంటారు. ఎవరో టెలిగ్రామ్‌లో పంపినది. ఏ ఏటి ముద్రణో తెలియదు, పేజీలన్నీ ఉన్నాయో లేదో తెలియదు. కూర్చునే చోటు, ఫ్యాను గాలి, నిశ్శబ్దం గ్రంథాలయానివి. చదువుకునే సరుకు మాత్రం బయటిది. పౌర గ్రంథాలయాల్లో డిజిటల్ సేకరణలంటే ఏమిటో ఆలోచించాల్సింది ఈ పిల్లల దగ్గర నిలబడే.

నిజానికి ఈ విషయంలో హైదరాబాద్ ఆలస్యంగా మేల్కొన్న ఊరు కాదు. 1891లో పుట్టిన ఆసఫియా గ్రంథాలయం ఇక్కడిది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా ఇప్పటికీ నిలిచి ఉంది. తెలుగువాడైన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని తలపెట్టినప్పుడు, ఈ శతాబ్దపు తొలి ఏళ్లలోనే మన ట్రిపుల్ ఐటీ ఆ పనికి ఒక కేంద్రమైంది. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం పుస్తకాలు, ఉస్మానియా విశ్వవిద్యాలయం పుస్తకాలు స్కానర్ల కిందికి వెళ్లాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో కొన్నేళ్లు అందరికీ అందాయి. తర్వాత కాపీరైట్ చిక్కుల మధ్య ఆ వెబ్‌సైటు మూతపడింది. పుస్తకప్రియులు కొందరు ముందుచూపుతో నకళ్లు తీసి అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో భద్రపరిచారు కాబట్టి సరిపోయింది. లేకుంటే అంతమంది కష్టం గంగలో కలిసేది. 2024 అక్టోబరులో ఆ ఆర్కైవ్‌పై సైబర్ దాడి జరిగి కొన్నాళ్లు సేవలు ఆగిపోయాయి. మన అలమరాల్లోంచి తీసి స్కాన్ చేసిన పుస్తకం కోసం అమెరికా సర్వర్ ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూడాల్సి వచ్చింది.

అందుబాటులో ఉన్నవైనా తేలిగ్గా దొరుకుతాయా అంటే అదీ లేదు. ఆ రోజుల్లో తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు టైపు చేశారు. ఒకే రచయిత నాలుగైదు రకాల స్పెల్లింగులతో కనిపిస్తాడు. సంపాదకుడి పేరు రచయిత స్థానంలో, ముద్రాపకుడి పేరు సంపాదకుడి స్థానంలో ఉంటాయి. మధ్యలో పేజీలు పోయినవి, తలకిందులుగా పడినవి సరేసరి. పైగా ఇవన్నీ ఫొటోలే గానీ అక్షరాలు కావు. లోపల ఒక మాట వెతకాలంటే కుదరదు. చూపులేని పాఠకుడు ఫోన్ చేత చదివించుకుందామనుకుంటే అది మూగబోతుంది. బొమ్మను అక్షరంగా మార్చే ఓసీఆర్ తెలుగులో బాగానే మెరుగుపడింది. అయినా పాత అచ్చులోని అరసున్న, బండి ర, కిందికి జారిన వత్తు, చెదిరిన సిరా ఎదురైతే తడబడుతుంది. భాష తెలిసిన మనిషి కూర్చుని దిద్దితే తప్ప ఆ పుస్తకం పుస్తకం కాదు. స్కానింగ్‌కు టెండరు పిలిచినంత సులువుగా ఈ పనికి ఎవరూ డబ్బు కేటాయించరు. అసలు లోపం అక్కడే ఉందని మా నమ్మకం.

కాపీరైట్ చట్టం అడ్డుపడుతోందన్న మాట తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు దాటితే ఆయన రచనలు అందరివీ. 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు. అంటే 2014 నుంచి ఆయన రచనలకు ఆ ఆంక్ష లేదు. ఇంకా హక్కులున్న పుస్తకమైనా, తన దగ్గర అచ్చు ప్రతి ఉంటే, భద్రపరచడం కోసం డిజిటల్ నకలు ఉంచుకునే వెసులుబాటును లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయానికి ఆ చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది. ఈ వెసులుబాటును మన గ్రంథాలయాలు వాడుకోవాలి.

కొత్త ఈ-పుస్తకాల సంగతి వేరు. అచ్చు పుస్తకం కొంటే గ్రంథాలయానిదే. ఈ-పుస్తకానికి సాధారణంగా దొరికేది అనుమతి మాత్రమే. 2011లో హార్పర్ కాలిన్స్ ఒక ఈ-పుస్తకాన్ని 26 సార్లు అరువిచ్చాక మళ్లీ కొనాల్సిందేనని అమెరికా గ్రంథాలయాలకు షరతు పెట్టింది. రేపు మన గ్రంథాలయ సంస్థలు చందా ఒప్పందాలు రాసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. చందా ఆగిన రోజున అలమర ఖాళీ అయ్యే ఏర్పాటును సేకరణ అనలేం. పరిశోధన పత్రికల కోసం కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం తెచ్చింది. అది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు. కాలేజీ దాటి చిక్కడపల్లిలో చదువుకుంటున్న పట్టభద్రుడికి ఆ తలుపు తెరవాలని రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీని గట్టిగా అడగాలి.

డబ్బు లేదనే జవాబును మేము ఒప్పుకోం. ఈ నగరంలో ఆస్తి పన్ను కట్టే ప్రతి ఇల్లూ రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కూడా కడుతోంది. అది సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల నాటిది. చేరినదాంట్లోంచి మొదట కావాల్సింది ఖరీదైన యంత్రాలు కాదు. ఇప్పటికే స్కానైన హైదరాబాద్ పుస్తకాల నకళ్లన్నీ తెచ్చి, అఫ్జల్‌గంజ్‌లో మన సొంత సర్వర్‌పై పెట్టుకోవాలి. వాటిని అలమరాల్లోని ప్రతులతో సరిపోల్చి, పోయిన పేజీలు పూరించి, తెలుగు లిపిలో జాబితా రాయాలి. సభ్యత్వ కార్డు నంబరుతో ఎవరైనా ఫోన్‌లో తెరిచి చదువుకోగలగాలి. దీనికి పాత తెలుగు అచ్చు చదవగల ఇద్దరు గ్రంథపాలకులు, ఒక కంప్యూటర్ నిపుణుడు చాలు మొదలుపెట్టడానికి. ఆ మూడు పోస్టులను పొరుగు సేవల కింద కాక శాశ్వతంగా, ఈ ఏటి సెస్సు నిధుల్లోంచే మంజూరు చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.