మహారాజశ్రీ బైలా గారికి

బిజినెస్ బ్లాగర్ల సంఘం బైలా, అనగా సంఘం నియమావళి గారి సముఖానికి నమస్కారాలు.

తమరు ఒక అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం బైలా కడుపున పుట్టారని మొదటి పేజీలోనే తెలిసిపోతోంది. ‘ఫ్లాటు యజమాని’ ఉన్నచోటల్లా ‘బ్లాగరు’ అని దిద్దారు గానీ, నీళ్ళ ట్యాంకు కడిగించే బాధ్యత ఇంకా మీ కార్యదర్శి మీదే ఉంది.

పేరు మీద మాత్రం శ్రద్ధ తగ్గలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు ‘నేషనల్’. ప్రభుత్వ ఆదరణ ఉందనిపించే పేర్లకు 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం అడ్డొస్తుందని లెటర్‌హెడ్ అచ్చయ్యాక చూసుకుంటారు కాబోలు.

2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టానికి కనీసం 7 మంది కావాలి. మీకు సరిగ్గా ఏడుగురే ఉన్నారు: అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, సహకార్యదర్శి, కోశాధికారి, ఇద్దరు కార్యవర్గ సభ్యులు. ఉత్త సభ్యుడంటూ ఒక్కడూ మిగల్లేదు. ఆశయాల్లో ‘వ్యాపార విజ్ఞాన వ్యాప్తి’ అని రాశారు, మంచిదే. చట్టం ఒప్పుకునే ప్రయోజనాల్లో జ్ఞానవ్యాప్తి ఉంది, స్పాన్సర్ల వేట లేదు.

అసలు బిజినెస్ బ్లాగరంటే ఎవరో తమరు చెప్పనేలేదు. కోర్సులు అమ్మేవాడా? కంపెనీ పీఆర్ ఉద్యోగా? సొంత పేరుతో ఏడాదిలో కనీసం 12 వ్యాసాలు రాసినవారికే ఓటు, మిగతావారికి ఓటు లేని అనుబంధ సభ్యత్వం అని ఒక్క వాక్యం రాస్తే తీరేది. ఎన్నికలకు 60 రోజుల ముందు జాబితా మూసేయాలనీ రాయాలి. లేకపోతే ఓటింగు ముందురోజు రాత్రి ఒకే ఫోన్ నుంచి నలభై మంది చందా కట్టి చేరతారు.

సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, అదే కోరం, సగం పెట్టారు! అమీర్‌పేట నుంచి అట్లాంటా దాకా చెదిరి ఉన్న జనంలో సగంమంది ఏ ఆదివారం దొరుకుతారండీ? మూడోవంతు చాలు. అదీ రాకపోతే అరగంట వాయిదా వేసి, వచ్చినవాళ్ళతో జరపొచ్చని రాయండి. ఏడాది చందా కట్టనివాళ్ళను కోరం లెక్కలోంచి తీసేయండి. ఆన్‌లైన్ సమావేశం, ఆన్‌లైన్ ఓటు చెల్లుతాయని కూడా తమరే చెప్పాలి. వాట్సాప్‌లో పెట్టిన బొటనవేలు తీర్మానం కాదు.

బ్యాంకు ఖాతాకు అధ్యక్ష కార్యదర్శులిద్దరి సంతకాలూ తప్పనిసరి అన్నారు. వాళ్ళు తగువులాడుకున్న రోజు ఇద్దరూ చెరో తీర్మానం పట్టుకుని బ్యాంకుకు పోతారు, బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. కోశాధికారిని కూడా కలిపి, ముగ్గురిలో ఏ ఇద్దరైనా సరే అంటే కాస్త ఊపిరాడుతుంది.

డబ్బు మాట వచ్చేసరికి తమరు మరీ మౌనం వహించారు. బ్రాండ్లు పంపే ఫోన్ల సంగతి? ఏడాదికి 20,000 రూపాయలు దాటిన కానుకలపై 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్ళే ముందుగా కోసి కట్టే పన్ను) 2022 జూలై 1 నుంచే మొదలైంది. ఫోన్ తిరిగిచ్చేస్తే ఆ బాధ లేదు. కానీ తిరిగిచ్చే బ్లాగరును మీ సభ్యుల్లో వెతకాలి. ముట్టింది డబ్బయినా, ఫోనైనా, హోటల్ గదైనా వ్యాసం మొదట్లోనే, అదే సైజు అక్షరాల్లో చెప్పాలన్నది మీ 1వ నియమం కావాల్సింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి వినియోగదారుల రక్షణ చట్టం (2019) 10 లక్షల దాకా జరిమానా వేయనిస్తుంది, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర నమోదు లేకుండా ఫలానా షేరు కొనండి అని చెప్పే సభ్యుడి గురించి తమరిలో ఒక్క ముక్కా లేదు. శాలువా కప్పే వరుసక్రమానికి మాత్రం ఒకటిన్నర పేజీ.

ఇక బహిష్కరణ. ‘కార్యవర్గం ఎప్పుడైనా తొలగించవచ్చు’ అన్నది దర్జాగా ఉంది గానీ కోర్టులో నిలవదు. ఆరోపణ రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబుకు 15 రోజులు ఇవ్వండి, పిలిచి వినండి, ఫిర్యాదు చేసినవాణ్ణి తీర్పరిగా కూర్చోబెట్టకండి, సర్వసభ్య సమావేశానికి అప్పీలు ఉంచండి. లేదంటే ఆ సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద అతను నేరుగా జిల్లా కోర్టుకు పోతాడు, లాయరు ఫీజు మీ చందాల్లోంచే పోతుంది.

తా.క.: తమరిలో సరిగ్గా ఉన్నది చివరి క్లాజు ఒక్కటే. సంఘం రద్దయితే ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు, ఇవే ఆశయాలున్న మరో సంఘానికి ఇవ్వాలి. ఆ మరో సంఘం కోసం వెతకనక్కర్లేదు. మీ ఉపాధ్యక్షుడు దాని పేరు అప్పుడే ఖాయం చేశాడు, బైలా తమరిదే కాపీ కొట్టిస్తున్నాడు.