ముంగిసకి సమాధి ఎక్కడ?

ఉగాది రోజు మన తెలుగు సంఘం వేడుకలో పంచాంగ శ్రవణం అయింది, పిల్లల డాన్సులు అయ్యాయి. భోజనాలకి లేవబోయే ముందు ఈ ఏడాది వనభోజనాల సంగతి ప్రకటించారు. "పోయినసారి లాగా ఒక కుక్క సమాధి చూడటానికి రెండున్నర గంటలు బస్సులో కూర్చోబెట్టం, ఈసారి రైడ్స్ ఉన్న పార్కుకే" అని వేదిక మీద అనగానే హాలంతా చప్పట్లు మోగాయి. నేను మూడో వరసలో ఉన్నాను. పక్కనున్న ఇద్దరు "హమ్మయ్య, అక్కడ చూడటానికి ఏముంది" అనడం కూడా విన్నాను. ఆ చప్పట్లు నాకు ముల్లులా గుచ్చుకున్నాయి. కొట్టినవాళ్ళంతా నావాళ్ళే, పోయినసారి నా చేతి పులిహోర తిన్నవాళ్ళే. అందుకే ఇది మన పత్రికలోనే రాస్తున్నాను.

ఆ కుక్క సమాధి ఉన్న ఊరు బెద్‌గెలెర్ట్. బ్రిటన్‌లోని ఉత్తర వేల్స్‌లో, ఎరరి (స్నోడోనియా) కొండల మధ్య, కోల్విన్, గ్లాస్లిన్ అనే రెండు ఏర్లు కలిసే చోట ఉంటుంది. ఐదు వందల మంది కూడా లేని పల్లె. రాతి ఇళ్ళు, రాతి వంతెన, చుట్టూ గొర్రెలు మేసే గట్లు. మనం స్నోడన్ అని పిలిచే కొండని ఇప్పుడు నేషనల్ పార్క్ వాళ్ళు కూడా అర్ విద్‌వా అనే వేల్ష్ పేరుతోనే రాస్తున్నారు. 1,085 మీటర్ల ఆ కొండకి దక్షిణం వైపు ఈ ఊరు. మనలో చాలామందికి వేల్స్ అంటే స్కంద వేల్ ఆశ్రమం, లేదంటే సముద్రపు ఒడ్డు. ఈ పల్లె పేరు బస్సు ఎక్కేదాకా సగం మందికి తెలియదు.

పోయిన ఆగస్టులో రెండు బస్సుల్లో తొంభై మందిమి వెళ్ళాం. కార్తీకంలో ఇక్కడ చలికి బయట కూర్చోలేం కాబట్టి మన వనభోజనాలు ఎండాకాలంలోనే జరుగుతాయి. ఉసిరి చెట్టు దొరకదు, మేపుల్ చెట్టయినా సరే అనుకుంటాం. ఆ సర్దుబాటు నాకు ఇష్టం. దేశం కాని దేశంలో, చెట్టు కాని చెట్టు కింద విస్తళ్ళు పరిచి "కొంచెం కలుపుకోండి బాబాయ్ గారూ" అని వడ్డించే ఆ చేతులంటే నాకు ప్రాణం. వనభోజనాలు మానమని నేను ఎన్నడూ అనను.

కానీ ఆ రోజు ఏం చేశామో కూడా చెప్పుకోవాలి. దిగగానే ట్రేలు విప్పాం. గుత్తివంకాయ, చికెన్ బిర్యానీ, పులిహోర, పెరుగన్నం, నీళ్ళ సీసాలు, పేపర్ ప్లేట్లు, అన్నీ మనవే. ఏటి పక్కన గడ్డి మైదానంలో స్పీకర్ పెట్టాం. సమాధికి వంద అడుగుల దూరం కూడా లేదు. సమాధి అంటే ఒక చెట్టు, చుట్టూ చిన్న కంచె, రెండు పలకల మీద కథ. ఒకటి వేల్ష్‌లో, ఒకటి ఇంగ్లీషులో. మనవాళ్ళు వరసగా వెళ్ళి ఫోటోలు దిగి వచ్చేశారు. పలక మీద ఉన్నది చదివినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నేను ఓ పదిమంది పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడే కూర్చున్నాను. డెబ్బై దాటిన ఒకాయన తన కుక్కతో నడుచుకుంటూ వచ్చి స్పీకర్ కాస్త తగ్గించగలరా అని మర్యాదగా అడిగారు. తగ్గించారు. ఆయన పిల్లల వైపు తిరిగి ఊరి పేరు పలకమన్నారు. అందరూ "బెడ్జెలర్ట్" అన్నారు. వేల్ష్‌లో రెండు డీలు పక్కపక్కన వస్తే అది 'డ' కాదు, ఇంచుమించు మన 'ద'. బెద్ అంటే సమాధి. "బాదంలో ద లాగా అనండి" అన్నాను నేను. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఇట్టే పలికేశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

తర్వాత ఆయనే కథ చెప్పారు. పదమూడో శతాబ్దంలో లెవెలిన్ అనే రాజుకి గెలెర్ట్ అనే వేటకుక్క ఉండేదట. ఒకరోజు అది లేకుండానే వేటకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కుక్క నోటి నిండా రక్తంతో తోకాడిస్తూ ఎదురొచ్చింది. లోపల ఉయ్యాల తిరగబడి ఉంది, పసివాడు కనపడలేదు. కోపంతో కత్తి దూసి కుక్కని పొడిచేశాడు. అది అరిచిన అరుపుకి ఉయ్యాల కింది నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. పక్కనే తోడేలు చచ్చి పడి ఉంది. రాజు మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదంటారు.

నాకు ఒళ్ళు జలదరించింది. ముమ్మిడివరం దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో, మంచం పట్టె మీద కూర్చుని ఎన్ని రాత్రులు విన్నానో ఈ కథ! తల్లి కాలవకి నీళ్ళకి వెళ్ళింది, ఉయ్యాల దగ్గర ముంగిస కాపలా ఉంది, పాము వచ్చింది, ముంగిస దాన్ని ముక్కలు చేసి రక్తం మూతితో తల్లికి ఎదురొచ్చింది, తల్లి నిండు బిందె దాని మీద పడేసింది. ఆ బిందె దగ్గరికి వచ్చేసరికి అమ్మమ్మ గొంతు మారిపోయేది. పంచతంత్రంలో అపరీక్షితకారకం అనే ఐదో తంత్రంలోది ఈ కథ. పంచతంత్రం ఆరో శతాబ్దంలో పహ్లవీలోకి, ఎనిమిదో శతాబ్దంలో అరబ్బీలోకి, అక్కడి నుంచి హీబ్రూ, లాటిన్‌లలోకి వెళ్ళింది. పాము తోడేలయింది, ముంగిస కుక్కయింది. నడిచి నడిచి ఈ ఏటి ఒడ్డుకి చేరింది.

పిల్లలకి ముంగిస కథ తెలుగులోనే చెప్పాను. ఏడేళ్ళ పిల్లాడు ఒకడు అంతా విని అడిగాడు. "ఆంటీ, కుక్కకి ఇక్కడ సమాధి ఉంది కదా. మరి ముంగిసకి సమాధి ఎక్కడ?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్తే ఆశ్చర్యపోయారు. ఆయన కూడా ఒక మాట చెప్పారు. ఆ సమాధి పెట్టించింది రాజు కాదట. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇక్కడి గోట్ హోటల్ నడిపిన డేవిడ్ ప్రిచర్డ్, ఊరికి జనం రావాలని ఆ రాయి నిలబెట్టించాడని చెప్పుకుంటారట. ఊరి పేరు అసలు ఎప్పుడో ఉన్న ఒక సన్యాసి పేరు మీద వచ్చి ఉండొచ్చని కూడా అన్నారు. నాకు అందులో మోసం కనపడలేదు. ఒక కథని నమ్ముకుని ఒక పల్లె రెండు వందల ఏళ్ళకి పైగా బతికింది. మనం అంతకంటే ఎంతో ముందు నుంచి ఆ కథని చెప్పుకుంటున్నాం, ఎక్కడా ఒక రాయి పెట్టుకోలేదు. మన ఊళ్ళలో కథ చెప్పే ముసలివాళ్ళు పోతే కథ కూడా వాళ్ళతోనే పోతోంది.

ఇంకా మాట్లాడుకునేవాళ్ళమే. వెనకాల స్పీకర్ మళ్ళీ పెరిగింది. ఆయన చేయి ఊపి వెళ్ళిపోయారు.

ఇక "చూడటానికి ఏముంది" అన్న మాటకి వస్తాను. ఊరి నుంచి చిన్న రైలు ఉంది, వెల్ష్ హైలాండ్ రైల్వే. పట్టాల మధ్య రెండు అడుగులు కూడా ఉండదు. కార్నార్వన్ నుంచి పోర్త్‌మాడోగ్ దాకా 25 మైళ్ళు. 1930లలో మూతపడి, యుద్ధంలో పట్టాలు కూడా పీకేసిన లైను అది. వాలంటీర్లు చేయి వేసి మళ్ళీ కట్టారు, 2011లో పూర్తి దారి తెరిచారు. దక్షిణాఫ్రికాలో తిరిగిన ఆవిరి ఇంజన్లు తెచ్చి నడుపుతున్నారు. శని, ఆదివారాలు హాలు బుకింగులకీ, చందాలకీ తిరిగే మనకి ఆ శ్రమ విలువ తెలియదా? అక్కడికి మైలు దూరంలో సిగన్ రాగి గని ఉంది. 1903లో మూసేశారు, 1986 నుంచి సందర్శకుల్ని లోపలికి పంపుతున్నారు. ఇంకొంచెం పైకి వెళ్తే దినాస్ ఎమ్రిస్ గుట్ట. ఎర్ర డ్రాగన్, తెల్ల డ్రాగన్ కొట్టుకుంటే ఎర్రది గెలిచిందని చెప్పే చోటు. వేల్స్ జెండా మీద ఉన్నది ఆ ఎర్ర డ్రాగనే. కాస్త నడవగలిగినవాళ్ళకి గ్లాస్లిన్ వెంబడి అబర్‌గ్లాస్లిన్ లోయలోకి రాళ్ళ దారి ఉంది. ఇవన్నీ ఉండగా మనం స్పీకర్ చుట్టూ నాలుగు గంటలు కూర్చుని వచ్చాం.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కదిలించింది. అక్కడ రోడ్డు మీద తెల్ల అక్షరాలతో 'అరవ్' అని రాసి ఉంటుంది, నెమ్మదిగా వెళ్ళమని. కొట్లో పిల్లలు ఆ భాషలోనే చాక్లెట్ అడుగుతున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో కొన్ని బళ్ళలో వేల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్క ముక్క వేలాడదీసేవారు. 2021 జనాభా లెక్కల్లో వేల్స్ మొత్తం మీద వేల్ష్ వచ్చినవాళ్ళు 17.8 శాతమే, ఈ ఊరున్న గ్వినెద్ కౌంటీలో మాత్రం 64 శాతం దాటారు. మెడలో పలక అనగానే నాకు కడప జిల్లా గుర్తొచ్చింది. తెలుగు మాట్లాడారని అక్కడ ఒక బడిలో పిల్లల మెడల్లో పలకలు వేసిన వార్త 2009లో వచ్చింది. వాళ్ళకి పరాయి పాలన కింద జరిగింది అనుకోవచ్చు. మనకి మనమే చేసుకున్నాం.

అవతలి వైపు మాట కూడా న్యాయంగా చెప్తాను. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి మోకాళ్ళ నొప్పులు. వాన ఎప్పుడొస్తుందో తెలియదు, ఆ రోజు రెండుసార్లు తడిశాం. ఫోన్ సిగ్నల్ సరిగ్గా లేక ఒక కుటుంబం తప్పిపోతే అరగంట అందరికీ టెన్షన్. టీనేజ్ పిల్లలకి బోర్ కొట్టింది. పార్కులో అయితే అన్నీ ఒకచోటే ఉంటాయి. కమిటీ వాళ్ళు ఎంత కష్టపడతారో నాకు తెలుసు, నేనూ రెండేళ్ళు చేశాను. పోయినసారి స్పీకర్ వద్దని ముందే గట్టిగా అనకపోవడం నా తప్పే.

అయినా నాకు మనసొప్పడం లేదు. రైడ్స్ ఉన్న పార్కుకి ఏ శనివారమైనా ఎవరి కారులో వాళ్ళు వెళ్ళొచ్చు. సంఘం పేరు మీద తొంభై మందిని కదిలించేది ఏడాదికి ఒక్కసారి. ఆ ఒక్కసారీ ఈ పిల్లలు ఒక ఊరిని ఊరిలాగా చూడకపోతే, రేపు మన ఊళ్ళకి తీసుకెళ్ళినప్పుడు మాత్రం ఎలా చూస్తారు? అక్కడ కూడా "ఏముంది ఇక్కడ" అనే అంటారు.

కమిటీ వారికి నా మనవి. పార్కుకి వెళ్ళండి, నేను కూడా వచ్చి వడ్డిస్తాను. బెద్‌గెలెర్ట్‌ని మాత్రం జాబితా నుంచి తీసేయకండి. సెప్టెంబరులో ఒక చిన్న బస్సు వేయండి, ముప్పై మంది చాలు. స్పీకర్ వద్దు. పొద్దున రైలు ఎక్కుదాం. మధ్యాహ్నం ఊళ్ళో కొనుక్కుని తిందాం. టీలో నానబెట్టిన ఎండు ద్రాక్షతో చేసే బారా బ్రిత్ అనే రొట్టె ఉంటుంది, పెద్దవాళ్ళు కూడా ఇష్టంగా తింటారు. పోయినసారి తొంభై మందిమి వెళ్ళి ఆ ఊళ్ళో కొన్నది ఐస్‌క్రీములు మాత్రమే. పిల్లలకి బస్సులోనే రెండు మాటలు నేర్పిద్దాం, బోరె దా అంటే శుభోదయం, దియోల్ఖ్ అంటే థాంక్స్. నడవలేని పెద్దవాళ్ళు వంతెన దగ్గర బెంచీల మీద కూర్చుంటారు. వాళ్ళతో కూర్చునే బాధ్యత నాది. సమాధి దగ్గర రెండు కథలూ చెప్పుకుందాం, ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో.

వచ్చేవాళ్ళు ఆదివారం తెలుగు బడి దగ్గర నాకు పేరు ఇవ్వండి. ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి. మొదటి పేరు ఆ ఏడేళ్ళ పిల్లాడిది. వాళ్ళ అమ్మ ఇచ్చింది.